చెప్పిన మాట చేరిందా?



ఈ పూట మీతో మాట గురించే మాట్లాడాలని వచ్చాను. రోజూ మనం ఆడే మాట, వినే మాట. ఒక మాట మన కళ్లకు ఏం చూపిస్తుంది? ఏం దాచిపెడుతుంది? ఒకరు చెప్పింది ఇంకొకరికి వేరే అర్థంతో ఎందుకు చేరుతుంది? అలా చేరినప్పుడు నష్టం ఎవరికి? ఇవీ నా ప్రశ్నలు.

మాది టేకులపల్లి వైపు. ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో వచ్చే మండలం. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఒకపక్క అడవి. ఇంకోపక్క సింగరేణి బొగ్గు. మా వైపు సంతకు వెళితే మూడు భాషలు చెవిన పడతాయి. గూడేల నుంచి వచ్చినవాళ్లు కోయలో మాట్లాడుకుంటారు. తండాల నుంచి వచ్చినవాళ్లు లంబాడీలో మాట్లాడుకుంటారు. బేరం దగ్గరికి వచ్చేసరికి అందరూ తెలుగు అందుకుంటారు. ఉప్పు కొన్నా, మిరపకాయలు కొన్నా, ఇప్పపువ్వు అమ్మినా భాష అడ్డం రాదు. ఎందుకంటే వస్తువు ఎదురుగా ఉంది. వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. నచ్చకపోతే ముందుకు సాగిపోవచ్చు.

కానీ వేలు పెట్టి చూపించలేని సంగతులు ఉంటాయి. చట్టం ఉంది. హక్కు ఉంది. రోగం ఉంది. పాఠం ఉంది. వీటిని ఎవరూ గంపలో పెట్టి చూపించలేరు. వీటిని మాటతోనే చెప్పాలి, మాటతోనే తెలుసుకోవాలి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినవి రెండే రెండు సంగతులు. మొదటిది, మాట మన చూపును నడుపుతుంది. రెండోది, మాట తప్పుగా చేరితే నష్టం బలం లేనివాళ్లకే. అందుకని సరిగా చేరిందో లేదో చూసుకోవలసిన బాధ్యత చెప్పినవాళ్లది. ఈ రెండూ గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ వీటి దగ్గరికే వస్తాను.

ముందుగా ఒక మాట తీసుకుందాం. అడవి. ఈ మాట తెలియనివాళ్లు మన దగ్గర లేరు. అడవి అనగానే మీ కళ్ల ముందు ఏం కనబడుతుంది? టేకు, తునికి, ఇప్ప, మద్ది. చెట్టు మీద పిట్ట, చెట్టు కింద నీడ. అంతే కదా.

ఇప్పుడొక పోడు రైతును ఊహించుకోండి. తన చెలకలో నిలబడి ఉన్నాడు. చుట్టూ పత్తి, మధ్యలో కంది సాళ్లు. ఒక్క పెద్ద చెట్టు లేదు. అటవీ శాఖ ఉద్యోగి వచ్చి, "ఇది అడవి, ఇక్కడ దున్నొద్దు" అన్నాడు. రైతు చుట్టూ చూశాడు. "అడవి ఏది సారూ? ఇది మా తాత కొట్టిన పోడు. అడవి అదుగో, ఆ గుట్ట మీదుంది" అన్నాడు. ఉద్యోగికి కోపం వచ్చింది, వీడు వాదిస్తున్నాడని. రైతుకు భయం వేసింది, ఈయన కావాలనే అబద్ధం ఆడుతున్నాడని.

శ్రోతలారా, ఇక్కడ అబద్ధం ఆడినవాళ్లు ఎవరూ లేరు. రైతుకు అడవి అంటే చెట్లు. ఉద్యోగికి అడవి అంటే పటం. ఆ పటంలో కంపార్ట్‌మెంటు నంబరు ఉంది. నేల మీద హద్దురాయి ఉంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. నిఘంటువు అర్థం ప్రకారం అడవి అనదగిన నేల అంతా అడవే అంది. అంతటితో ఆగలేదు. ప్రభుత్వ రికార్డులో అడవి అని రాసి ఉన్న ఏ భూమైనా, అది ఎవరి కింద ఉన్నా, చట్టం దృష్టిలో అడవే అంది. అంటే చెట్టు లేకపోయినా అడవే. కాగితం మీద ఉంటే అడవే.

మళ్లీ చెబుతున్నాను. రైతు చూస్తున్నది నేల మీది అడవిని. ఉద్యోగి చూస్తున్నది కాగితం మీది అడవిని. ఇద్దరి నోటా ఒకటే మాట. ఇద్దరి కళ్లకు కనబడుతున్నవి రెండు వేరు వేరు అడవులు.

దీనికి ఇంకోవైపు కూడా ఉంది. మన జిల్లాలో జామాయిల్ తోటలు మీరు చూసే ఉంటారు. వరుసగా నాటిన నీలగిరి చెట్లు. ఎదిగాక కొట్టి, కాగితం మిల్లులకు పంపుతారు. గూడెంలో ఎవరిని అడిగినా దాన్ని తోట అంటారు. అడవి అనరు. అందులో తునికాకు దొరకదు, ఇప్పపువ్వు రాలదు, గడ్డలు తవ్వుకోవడానికి ఉండవు. కానీ దేశంలో అడవి ఎంత ఉందో లెక్కగట్టే సర్వేలో నాటిన తోటలు కూడా అడవి కిందనే జమ అవుతాయి. పైనుంచి చూసే ఉపగ్రహానికి పచ్చదనం కనబడితే చాలు. కాబట్టి "అడవి పెరిగింది" అని పేపర్లో వచ్చిన రోజున, గూడెంలోని అవ్వ "అడవి యాడుందయ్యా, అంతా పోయె" అనవచ్చు. ఆ రెండు మాటలూ నిజమే కావచ్చు.

మాట మన చూపును నడుపుతుంది అన్నది ఇందుకే.

ఈ సంగతిని చాలా దూరాన, అమెరికాలో ఒకాయన గమనించాడు. ఆయన పేరు బెంజమిన్ లీ వోర్ఫ్. వంద ఏళ్ల నాటి మనిషి. భాషలంటే ప్రాణం, కానీ కడుపు నింపిన ఉద్యోగం వేరు. అగ్నిప్రమాదాల బీమా కంపెనీలో పనిచేసేవాడు. ఎక్కడ మంట అంటుకున్నా, అది ఎందుకు అంటుకుందో పరిశీలించడం ఆయన పని. ఒక విషయం ఆయనకు కనబడింది. పెట్రోలు నిండిన పీపాల దగ్గర మనుషులు చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. చుట్ట వెలిగించరు, నిప్పు దగ్గరికి రానివ్వరు. అదే, ఖాళీ పీపాలు అని పేరు పెట్టిన చోట ధైర్యంగా తిరుగుతున్నారు. పొగ తాగుతున్నారు. అసలు సంగతి ఏమిటంటే, ఖాళీ పీపాలే ఎక్కువ ప్రమాదం. వాటినిండా పెట్రోలు ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ పడితే పేలిపోతుంది. పీపాలో ఏముందో చూడకముందే "ఖాళీ" అన్న మాట వాళ్లకు భయం లేదని చెప్పేసింది.

చూశారా, ఒక్క మాట కంటికి గంత కట్టింది.

ఇక్కడొక జాగ్రత్త కూడా చెప్పాలి. మాట మన చూపును నడుపుతుంది గాని, చెరలో పెట్టదు. కొత్త మాట నేర్చుకుంటే కొత్త చూపు వస్తుంది. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఎలా మాట్లాడతారో గుర్తు చేసుకోండి. "తూర్పు గట్టున ఎడ్లను కట్టెయ్", "ఆ మంచం కొంచెం ఉత్తరానికి జరుపు" అంటారు. పట్నంలో పెరిగిన మనవడు కుడి, ఎడమ అంటాడు. అతనికి ఇంట్లో తూర్పు ఎటో తెలియదు. ఇలాంటి తేడాను పరిశోధకులు తమిళనాడులో కూడా చూశారు. పల్లెల్లోని తమిళులు దిక్కుల పేర్లతో దారి చెబుతారు, పట్నంలోని తమిళులు కుడి ఎడమలతో చెబుతారు. మాట్లాడేది ఇద్దరూ తమిళమే. అయినా దారి గుర్తుపెట్టుకునే పద్ధతి వేరు. ఆ మనవడు రెండు నెలలు తాత దగ్గర ఉంటే అతనికీ తూర్పు పడమరలు అలవాటవుతాయి. నేర్చుకుంటే వస్తుంది. ఈ ఆశ మీదనే నా ప్రసంగమంతా నిలబడి ఉంది.

ఇప్పుడు బడికి వెళదాం.

అయిదేళ్ల కోయ పిల్ల బడిలో కూర్చుంది. దాహం వేసింది. టీచరమ్మ దగ్గరికి వెళ్లి "ఏర్" అంది. కోయలో ఏర్ అంటే నీళ్లు. టీచరమ్మకు కోయ రాదు. ఆమెకు వినబడింది ఏరు. మన మున్నేరులో, ఆకేరులో, పాలేరులో ఉన్న ఏరు. పిల్ల వాగు గురించి ఏదో చెబుతోంది అనుకుంది. "సరే, పోయి కూర్చో" అంది. పిల్ల పోయి కూర్చుంది. దాహం దాహంగానే ఉంది.

పక్కనే తండా నుంచి వచ్చిన పిల్లవాడు ఏడుస్తున్నాడు. "యాడీ, యాడీ" అంటున్నాడు. లంబాడీలో యాడి అంటే అమ్మ. "ఏడీ అని ఎవరిని వెతుకుతున్నావురా?" అని టీచరమ్మ అడిగింది. ప్రేమగానే అడిగింది. కానీ పిల్లవాడికి ఆమె అడిగింది తెలియదు, ఆమెకు వాడు పిలిచింది తెలియదు.

ఇలా కొన్నాళ్లు గడిచాక ఏమవుతుంది? పిల్లలు నోరు మూసుకుంటారు. అడిగినా పలకరు. అప్పుడు మనం ఇంకో మాట వాడతాం. "ఈ పిల్ల మొద్దు", "ఈ పిల్లవాడికి చదువు అబ్బదు" అంటాం. ఒకసారి ఆ మాట పడ్డాక, మన చూపు ఆ మాట వెంటే పోతుంది. అదే పిల్ల ఇంటి దగ్గర మేకల మందను లెక్క తప్పకుండా తోలుకొస్తుంది. చెట్టును ఆకు చూసి గుర్తుపడుతుంది. చిన్న తమ్ముడికి కథ చెబుతుంది. అవేవీ మనకు కనబడవు. మొద్దు అన్న మాట వాటిని కప్పేసింది.

నష్టం ఎవరికి జరిగింది? టీచరమ్మ జీతానికి లోటు లేదు. చదువు పోయింది పిల్లకు. నా రెండో సంగతి ఇదే. మాట తప్పుగా చేరితే నష్టం బలం లేనివాళ్లకే.

ఇది పోగొట్టలేని కష్టమేమీ కాదు. మన దగ్గరే దీనికి దారులు వేసినవాళ్లు ఉన్నారు. 1940లో ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీం పోరాటం జరిగింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల బతుకును పరిశీలించే పనిని హైమెండార్ఫ్ అనే పరిశోధకుడికి అప్పగించింది. ఆయన గోండుల మధ్య, మార్లవాయి అనే ఊళ్లో ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండీ భాషలోనే మొదటి వాచకాలు వచ్చాయి. బిడ్డకు తెలిసిన భాషతో బడి మొదలుపెట్టాలి అన్న ఆలోచనకు మన తెలంగాణ నేల మీద అప్పుడే పునాది పడింది.

మన రాజ్యాంగం కూడా ఇదే చెప్పింది. 350ఎ అధికరణం 1956లో చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని ప్రతి రాష్ట్రానికీ చెబుతుంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేసి, కొన్ని బడుల్లో చదువు మొదలుపెట్టారు. అందులో మన కోయ ఉంది, మన లంబాడీ ఉంది. లిపి తెలుగుదే. మాటలు పిల్లల ఇంటివి. ముందు ఇంటి భాషలో చదవడం వచ్చాక, మెల్లగా తెలుగులోకి తీసుకురావడం అందులోని పద్ధతి. ఆ పద్ధతి మంచిది. అలాంటి పుస్తకం ప్రతి గూడెం బడిలో, ప్రతి తండా బడిలో బిడ్డ చేతిలో ఉండాలి. ఆ పుస్తకాన్ని చదివి చెప్పగల టీచరు కూడా ఉండాలి.

ఇప్పుడు మర్యాద సంగతి.

గూడెం పెద్దాయన పని మీద ఆఫీసుకు వచ్చాడు. కుర్చీలో ఉన్న అధికారితో, "సారూ, నువ్వు మా ఊరికి ఎప్పుడొస్తవు?" అన్నాడు. అధికారి మొహం ముడుచుకుంది. నన్ను పట్టుకుని నువ్వు అంటాడా అనుకున్నాడు. ఆ రోజు పని జరగలేదు.

ఆ పెద్దాయన అమర్యాద చేశాడా? లేదు. ఆయన పెరిగిన చోట నువ్వు అనడం చిన్నచూపు కాదు. ఆయన దేవుణ్ణి కూడా నువ్వు అనే పిలుస్తాడు. తన బిడ్డనూ నువ్వు అంటాడు. ఆ అధికారిని కూడా తన మనిషి అనుకున్నాడు, అందుకే నువ్వు అన్నాడు. మీరు, గారు, తమరు అంటూ మెట్లు మెట్లుగా మనిషిని పిలవడం మనం బడిలో, బజారులో, ఆఫీసులో నేర్చుకున్నది. ఆ మెట్లు ఎక్కనివాళ్లందరినీ పొగరుబోతులు అనుకుంటే తప్పు మనదే.

చుట్టరికాల విషయంలో కూడా ఇంతే. నాన్న తమ్ముడు మనకు చిన్నాన్న, అన్న అయితే పెదనాన్న. చాలా ఇళ్లలో వాళ్లను కూడా నాన్న అనే పిలుస్తారు. ఆసుపత్రిలో కుర్రవాడు "మా నాన్నను తీసుకొచ్చినం" అంటాడు. కాగితాలు చూస్తే తండ్రి పేరు వేరే ఉంటుంది. వెంటనే అనుమానం, వీడు అబద్ధం చెబుతున్నాడని. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల భాష మీద స్టీఫెన్ టైలర్ అనే పరిశోధకుడు 1960లలో పనిచేశాడు. 1966లో వాళ్ల వరసల మీద ఒక వ్యాసం రాశాడు. ఒకే చుట్టాన్ని సందర్భాన్ని బట్టి, వింటున్న మనుషులను బట్టి వేరు వేరు మాటలతో చెబుతారని అందులో చూపించాడు. ఇంట్లో ఒక మాట, పరాయివాళ్ల ముందు ఒక మాట. ఇది తప్పించుకునే తెలివి కాదు. వాళ్ల భాషలోని నేర్పు. మన ఫారంలో మాత్రం ఒకటే గడి ఉంటుంది. తండ్రి పేరు అని. ఆ గడిలో పట్టని మనిషిని అనుమానించే ముందు, "ఈయన నీకు ఏ వరస, మీ అమ్మను పెళ్లాడినాయనేనా, ఆయన తమ్ముడా?" అని నెమ్మదిగా అడిగితే సరిపోతుంది.

ఇక ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి మందుల సంగతి చెబుతాను. ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. జాగ్రత్తగా వినండి.

మన ఏజెన్సీకి మలేరియా కొత్త కాదు. అందులో వైవాక్స్ అనే రకం ఒకటి ఉంది. దానికి సాధారణంగా క్లోరోక్విన్ మాత్రలు మూడు రోజులు, ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు ఇస్తారు. రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఒళ్లు చల్లబడుతుంది. ఇంట్లోవాళ్లు "జ్వరం పోయింది" అంటారు. మిగిలిన మాత్రలు గూట్లో పెట్టేస్తారు. ఎందుకలా? మన మాటల్లో రోగానికి, జ్వరానికి తేడా లేదు. జ్వరమొచ్చింది అంటే రోగమొచ్చింది. జ్వరం పోయింది అంటే రోగం పోయింది. కానీ ఆ మలేరియా క్రిమి కాలేయంలో దాక్కొని ఉంటుంది. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో మళ్లీ లేస్తుంది. ఆ 14 రోజుల మాత్రలు ఆ దాక్కున్న దాని కోసం.

ఆరోగ్య కార్యకర్త "కోర్సు పూర్తి చెయ్యండి" అని చెప్పింది. ఆమె చెప్పలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ మాట చేరిందా? కోర్సు అన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు. అదే ఆమె, "అమ్మా, జ్వరం ముందు పోతది. పురుగు లోపలే దాక్కుంటది. దాన్ని చంపేదాకా, ఈ మాత్రలన్నీ అయిపోయేదాకా, డాక్టరు చెప్పినన్ని రోజులూ వెయ్యాలె" అని ఉంటే చేరేది. కోయ ఇంట్లో కోయలో, తండాలో లంబాడీలో చెబితే ఇంకా బాగా చేరేది.

అందుకే మళ్లీ అంటున్నాను. చెప్పామా అని చూసుకుంటే చాలదు. చేరిందా అని చూసుకోవాలి. చూసుకోవలసింది చెప్పినవాళ్లు.

ఇంతవరకు విని, ఇది కోయ, లంబాడీ మాట్లాడేవాళ్ల కష్టం మాత్రమే అని ఎవరైనా అనుకుంటే, తెలుగు ఇళ్ల సంగతి కూడా వినండి. పుట్టింది మొదలు తెలుగే మాట్లాడే మనిషికి కూడా ఆఫీసు తెలుగు అర్థం కాదు. ఇందుమూలముగా, తదుపరి చర్య నిమిత్తం, దఖలు పరచడమైనది. ఇవి తెలుగు అక్షరాలే. కానీ ఎవరి ఇంటి తెలుగు ఇది?

మన ఏజెన్సీలో అందరి నోటా ఆడే ఒక చట్టం ఉంది. 1/70 చట్టం. చిన్నపిల్లలు కూడా ఆ పేరు అంటారు. అది 1970లో వచ్చిన మొదటి రెగ్యులేషన్. అందుకే ఆ పేరు. పేరు అందరికీ వచ్చు. అందులో ఏముందో ఎంతమందికి చేరింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనులు కానివాళ్ల పేరున మార్చడం చెల్లదు. చేతులు మారినా ఆ మార్పిడి చెల్లదు. ఇది ఆ చట్టంలోని గుండెకాయ లాంటి మాట. చట్టం పేరులో అంకెలు మాత్రమే ఉంటే, దానిలోని రక్షణ చెవికి అందదు.

పోడు భూముల విషయం మళ్లీ ఒకసారి తీసుకుంటాను. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిని నమ్ముకున్నవాళ్లకు చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుల హక్కును గుర్తించాలంది. ఆ మాట వినండి, గుర్తించడం. అంటే హక్కు ముందే ఉంది, ఇప్పుడు ప్రభుత్వం ఒప్పుకుంటోంది అని అర్థం. కానీ మన ఊళ్లలో ఏమంటాం? "పట్టా ఇచ్చిండ్రు" అంటాం. 2023లో పోడు పట్టాలు పంచినప్పుడు కూడా అందరం అదే మాట అన్నాం. ఇచ్చారు అంటే, ఒకరు దాత, ఒకరు చేయి చాచినవాళ్లు. గుర్తించారు అంటే, హక్కుదారు తల ఎత్తుకుని నిలబడవచ్చు. చేతిలో ఉన్నది ఒకటే కాగితం. దాన్ని మనం ఏమని పిలుస్తామో, దాన్ని బట్టి ఆ కాగితం ముందు మనిషి ఎలా నిలబడతాడో మారిపోతుంది.

ఆ చట్టం నియమాల్లో ఇంకో మంచి మాట ఉంది. ఊరి పెద్దలు చెప్పిన సంగతులను రాసుకుని, వాటిని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. అక్షరం రాని ముసలాయన మాటకు చట్టం విలువ ఇచ్చింది. అయితే రాసేది ఎవరు? పెద్దాయన "మా తాత కొట్టిన పోడు, ఆ చింతచెట్టు మా అవ్వ పెట్టింది" అంటాడు. రాసేవారి చేతిలో అది "సదరు అటవీ భూమిని ఆక్రమించి సాగు చేయుచున్నారు" అని మారితే ఏం కావాలి? తన మాటే తన మీద నేరం మోపుతుంది. అందుకని ఎవరి మాట రాసినా, వాళ్ల మాటల్లోనే రాయాలి. రాశాక పైకి చదివి వినిపించాలి. ఆ తర్వాతే వేలిముద్ర అడగాలి.

ఈ సమయంలో నేను తలచుకోవలసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన మనకు తెలుసు. కానీ దానికంటే ముందు ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకొని మరీ నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. సవర భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు తయారుచేశారు. తెలుగు పిల్లలకు గ్రాంథికంలో కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలని కూడా పోరాడారు.

నాకు ఆ రెండు పనులూ ఒకటే పనిగా కనబడతాయి. సవర బిడ్డ ముందు కూర్చున్నా, తెలుగు బిడ్డ ముందు కూర్చున్నా ఆయన అడిగింది ఒకటే. నేను చెప్పేది ఈ బిడ్డకు చేరుతోందా? చేరకపోతే మారవలసింది ఎవరు? మారవలసింది నేను. ఆ మాట మీద ఆయన జీవితమంతా నిలబడ్డారు. ఆగస్టు 29న ఆయనకు దండ వేసే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న తమను తాము అడగాలని నా కోరిక.

సరే, మరి మనం ఏం చేయగలం? పెద్ద ఖర్చు లేని పనులు చెబుతాను.

మొదటిది. "అర్థమైందా?" అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్నకు మన దగ్గర అందరూ "ఊ" అంటారు. మర్యాద కోసం ఊ అంటారు, భయంతో ఊ అంటారు, తొందరగా ఇంటికి పోవాలని ఊ అంటారు. దాని బదులు ఇలా అడుగుదాం. "అమ్మా, నేను సరిగా చెప్పిన్నో లేదో చూసుకోవాలె. ఇంటికి పోయినంక ఈ మాత్రలు ఎట్ల వేసుకుంటవో నువ్వే నాకు చెప్పు." ఆమె చెప్పింది సరిగా ఉంటే మన మాట చేరినట్టు. తేడా ఉంటే మళ్లీ చెప్పాలి. మళ్లీ వేరే మాటల్లో చెప్పాలి. డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శులు, పోలీసులు, బ్యాంకు సిబ్బంది, అందరికీ ఇది పనికొస్తుంది.

రెండోది. మధ్యలో ఉండి భాష మార్చి చెప్పేవాళ్లను జాగ్రత్తగా ఎంచుకుందాం. తల్లి రోగం గురించి పదేళ్ల కొడుకుతో చెప్పించడం తగదు. భూమి తగాదాలో ఆ భూమి మీద ఆశ ఉన్నవాళ్లతో మాట మార్పించడం అంతకంటే తగదు. ప్రతి మండలంలో కోయ, లంబాడీ, తెలుగు మూడూ వచ్చిన చదువుకున్న యువతీ యువకులు ఎంతోమంది ఉన్నారు. ఆ నేర్పును ఉద్యోగంగా గుర్తించి, జీతం ఇచ్చి, ఆసుపత్రిలో, ఠాణాలో, తహసీల్దారు ఆఫీసులో కూర్చోబెట్టాలి. ఇది దానం కాదు. ప్రజల పని జరగడానికి కావలసిన ఏర్పాటు.

మూడోది, మా వైపు గూడేల్లో, తండాల్లో ఈ ప్రసంగం వింటున్న అన్నలకు, అక్కలకు, పెద్దలకు. ఆఫీసులో చెప్పింది తెలియకపోతే "మళ్లీ చెప్పు సారూ" అనండి. అది తక్కువతనం కాదు. కాగితం మీద ఏం రాసి ఉందో చదివి వినిపించేదాకా వేలిముద్ర వేయకండి. మన రాజ్యాంగం 350వ అధికరణం, కష్టం చెప్పుకోవడానికి రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి విన్నపం పెట్టుకోవచ్చని చెబుతోంది. మీ భాష కూడా ఈ రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషే. కోయలో మాట్లాడడానికి సిగ్గుపడకండి. లంబాడీలో మాట్లాడడానికి జంకకండి. పిల్లల ముందు మీ భాషను తక్కువ చేసి మాట్లాడకండి.

నాలుగోది, మన ప్రాంతంలో పనిచేయడానికి వచ్చిన ఉద్యోగులకు ఒక మనవి. బదిలీ మీద వచ్చారు, బదిలీ మీద వెళతారు. ఉన్న కాలంలో ఆ గూడెం భాషలో కొన్ని మాటలైనా నేర్చుకోండి. నీళ్లు, నొప్పి, ఆకలి, భయం, అమ్మ, భూమి, ఎప్పుడు, ఎందుకు. ఇవి ముందు నేర్చుకోండి. మీ నోటి నుంచి ఆ మాట వచ్చిన రోజున ఎదుటి మనిషి మీతో మాట్లాడే తీరే మారుతుంది. వాళ్లు చెప్పేది మీకు చేరడం మొదలవుతుంది.

శ్రోతలారా, నేను చెప్పదలచినవి రెండే అన్నాను. చివరిసారిగా చెప్పి ముగిస్తాను. మాట మన చూపును నడుపుతుంది. కాబట్టి ఎదుటి మనిషి వేరేగా మాట్లాడితే, వేరేగా చూస్తున్నాడేమో అని ఒకసారి ఆగి ఆలోచించాలి. అబద్ధం అనడానికి ముందు, పొగరు అనడానికి ముందు, మొద్దు అనడానికి ముందు ఆగాలి. ఇక రెండోది, మాట తప్పుగా చేరితే నష్టం బలం లేనివాళ్లకే. కుర్చీ ఉన్నవాళ్లు, కలం ఉన్నవాళ్లు, సుద్దముక్క ఉన్నవాళ్లు, మందు ఇచ్చేవాళ్లు, తమ మాట చేరిందో లేదో తామే సరిచూసుకోవాలి.

రేపు మీరు ఎవరికైనా ముఖ్యమైన సంగతి చెప్పవలసి వస్తే ఒక్క పని చేయండి. చెప్పాక, దాన్ని వాళ్ల నోట ఒకసారి వినండి. మీరు చెప్పిందీ వాళ్లు చెప్పిందీ ఒకటైతేనే లేవండి. తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పండి. దానికి అయ్యేది కొద్ది నిమిషాలు. దానివల్ల దక్కేది ఒక బిడ్డ చదువు కావచ్చు, ఒక ఇంటి భూమి కావచ్చు, ఒక ప్రాణం కావచ్చు.